దయచేసి ఈ సందేశాన్ని పట్టించుకోకండి

2023లో ఒకనాడు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఉన్నాను. ఉన్నట్టుండి నా జేబు కేక పెట్టింది. పక్కాయన జేబూ కేక పెట్టింది. మిర్చి బండి మీద శనగపిండి గిన్నె పక్కన పెట్టిన ఫోను, కోచింగ్ సెంటర్ మెట్ల మీద గ్రూప్స్ నోట్సు తిరగేస్తున్న పిల్లల ఫోన్లు, ఆటోల్లో హ్యాండిల్ పక్కన బిగించిన ఫోన్లు, అన్నీ ఒకే గొంతుతో గోల పెట్టాయి. వేరే పేటలో అయితే జనం నవ్వుకునేవాళ్లేమో. ఇది దిల్‌సుఖ్‌నగర్. ఇక్కడ తల నెరిసినవాళ్లు ముందు ఫోను వంక చూడలేదు, గోడకు ఆనించిన సైకిళ్ల వంక చూశారు.

ఆ తరువాతే ఫోను చూసుకున్నాం. కేంద్ర టెలికాం శాఖ పంపిన సందేశం. విపత్తులప్పుడు జనాన్ని హెచ్చరించే కొత్త పద్ధతిని పరీక్షిస్తున్నామనీ, మీరు చెయ్యాల్సిందేమీ లేదనీ, దీన్ని పట్టించుకోవద్దనీ దాని సారాంశం.

నా యాభై ఏళ్ల బతుకులో సర్కారు నుంచి వేళకు అందిన హెచ్చరిక అదొక్కటే. అదేమో పట్టించుకోవద్దని చెప్పింది. మేం విన్నాం. సర్కారూ వింది. అప్పటి నుంచి ఇరుపక్షాలూ ఆ ఆదేశాన్ని తుచ తప్పకుండా పాటిస్తున్నాం.

సాయంత్రం ఇంటికి వచ్చాక మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అడిగాడు. దేవరకొండ దిక్కు మనిషి, మాట పొదుపు.

"సార్, గా సైరన్ మళ్లెప్పుడు మోగుతది?"

"నిజంగా వరదొచ్చినప్పుడు."

"అప్పుడు కరెంటుండదు గద సార్. ఫోన్ల చార్జింగెక్కడుంటది?"

విపత్తు నిర్వహణ మీద సదస్సులు పెట్టేవాళ్లు ఒక్కసారి మా సెల్లారులోకి దిగి ఈ ప్రశ్నకు జవాబు చెబితే, టీ ఖర్చు నాది.

వాచ్‌మన్‌కి ఆ భయం ఊరికే పుట్టలేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి అతను ఆ సెల్లారులోనే పడుకున్నాడు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఆ పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదికి నడిచి వచ్చింది. దొంగలా రాలేదు, పెళ్లివారిలా ముందుగా కబురు పెట్టే వచ్చింది. ఉపగ్రహం ఫొటో తీసింది, వాతావరణ శాఖ రంగులు వేసింది, టీవీలో గ్రాఫిక్కులు సుడులు తిరిగాయి. ఘట్‌కేసర్ దగ్గర సింగపూర్ టౌన్‌షిప్‌లో 32.4 సెంటీమీటర్లు, మా హయత్‌నగర్‌లో దాదాపు 30 సెంటీమీటర్లు కురిసింది. వాతావరణ శాఖ నిఘంటువులో 20.4 సెంటీమీటర్లు దాటితే 'అత్యంత భారీ వర్షం'. ఆపైన మాట లేదు. మాటలు అయిపోయాక ఇంకో పది సెంటీమీటర్లు కురిసిందన్నమాట.

రాష్ట్రంలో వాన కొలిచే ఆటోమేటిక్ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ రాత్రి అవి చక్కగా పని చేశాయి. కోదండరాంనగర్, సీసలబస్తీ, పీ అండ్ టీ కాలనీ, హస్తినాపురం, నాగోలు వాళ్లు మంచాల మీద కుర్చీలూ, కుర్చీల మీద ముసలివాళ్లనూ నిలబెట్టి తెల్లవార్లూ జాగారం చేస్తుంటే, వాళ్లు ఎన్ని సెంటీమీటర్ల వానలో మునిగారో దశాంశ స్థానంతో సహా ఎక్కడో ఒక సర్వరులో నమోదవుతూనే ఉంది. పొద్దున పేపర్లో చదువుకున్నారు, పేపరు వేసే కుర్రాడు ఈదగలిగిన సందుల్లో.

చెప్పొచ్చేదేమిటంటే, మాకు సమాచారం కొరత ఎన్నడూ లేదు. సమాచారం కింది నుంచి పైకి పోతుంది, నీళ్లు పైనుంచి కిందికి వస్తాయి. దారిలో ఒకదానికొకటి ఎదురుపడేలా చూడ్డమే పరిపాలన. ఆ శాఖ ఒక్కటే ఇంకా ఎవరికీ కేటాయించలేదు.

ఈ నగరంలో ఎలాంటి మహానుభావులున్నారో చూడండి. అటు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. భారత సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి అక్కడే పని చేస్తోంది. సుమత్రా దగ్గర సముద్రగర్భంలో భూమి కదిలితే కొన్ని నిమిషాల్లో అక్కడ గంట మోగుతుంది. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు కబురు వెళ్తుంది. సముద్రానికి కొన్ని వందల కిలోమీటర్ల దూరాన, దక్కను రాళ్ల మధ్య కూర్చుని, ఇండోనేసియా కెరటాన్ని పట్టేస్తారు. నిజంగా మెచ్చుకోవలసిన పని, ఇందులో వ్యంగ్యం లేదు. బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. దేశంలో ఏ నది పొంగినా ఏ జిల్లాలో ఎన్ని ఊళ్లు మునిగాయో ఉపగ్రహ చిత్రం మీద నీలం రంగు వేసి పంపిస్తారు. 'భువన్' అని దానికి వెబ్‌సైటు కూడా ఉంది.

అదే నగరంలో బైరామల్‌గూడ చెరువు నిండిందన్న సంగతి గ్రీన్‌పార్క్ కాలనీకి తెలియాలంటే ఒకటే మార్గం. చెరువే స్వయంగా వచ్చి చెప్పాలి. అది మర్యాదస్తురాలు. వచ్చి చెబుతుంది. గుమ్మం దాటి లోపలికి వచ్చి, ఫ్రిజ్జు పక్కన నిలబడి మరీ చెబుతుంది.

మా తూర్పు పక్క భూమి తీరే అంత. మీర్‌పేట, జిల్లెలగూడ, బైరామల్‌గూడ, సరూర్‌నగర్ అన్నీ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే కింది చెరువుకు, అది నిండితే ఆ కిందిదానికి, చివరికి చైతన్యపురి పక్కగా మూసీలోకి. ఇది కనిపెట్టడానికి కృత్రిమ మేధ అక్కర్లేదు, గ్లాసుడు నీళ్లు నేల మీద పోస్తే చాలు. ఒకరోజు మా వాచ్‌మన్ చెప్పాడు, వాళ్ల తాత ఊళ్లో నీరడి అట.

"తూము తీసుడు, మూసుడు ఆయన పని సార్. వానకాలం రాత్రిళ్లు కట్ట మీదనే పండుకునేటోడు. మత్తడి దుంకే టైముకు ఉరికొచ్చి కింది వాడకట్టోళ్లను లేపేటోడు. ముందు ముసలోళ్లను, బాలింతలను ఎక్కించుమని ఒర్రేటోడు."

"జీతమెంత?"

"జీతమేంది సార్. పంట మీద ఇంత గింజలు పెట్టేటోళ్లు."

చూశారా. సెన్సరు ఉంది, అది చెరువు కట్ట మీద పడుకుంటుంది. హెచ్చరిక ఉంది, అది కాళ్ల మీద పరుగెత్తి వస్తుంది. ఎవరికి చెప్పాలో, ఎవరిని ముందు కదిలించాలో జాబితా ఉంది, అది నోటికే ఉంటుంది. విదేశీ నిపుణులు ఈ మూడింటినీ కలిపి ఒక పెద్ద పేరు పెట్టి, దాని మీద పుస్తకాలు రాస్తారు. మనం నీరడిని తీసేశాం, చెరువు శిఖంలో ప్లాట్లు కొట్టాం, ఇప్పుడు నీరడి చేసిన పనిని యాప్ రూపంలో తేవడానికి టెండర్లు పిలుస్తున్నాం. నీరడికి ఒక లోపం ఉండేది లెండి. ఆయన దగ్గర డ్యాష్‌బోర్డు లేదు.

డ్యాష్‌బోర్డు అన్నాక బంజారాహిల్స్ సంగతి రావాలి. 2022 ఆగస్టు 4న అక్కడ పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభించారు. అద్దాల బురుజులు, గోడంత తెర, నగరంలోని కెమెరాలన్నీ ఒకచోట. విపత్తు వస్తే శాఖలన్నీ అక్కడే కూర్చుని ఒకే తెర చూస్తూ సమన్వయం చేసుకుంటాయని చెప్పారు. భలే మాట. పూర్వం మునుగుతున్నవాణ్ణి గట్టు మీద నిలబడి నలుగురు చూసేవాళ్లు. ఇప్పుడు చాలా శాఖలవాళ్లు కలిసి, ఏసీలో, స్పష్టమైన రంగుల్లో చూసే ఏర్పాటుంది. అంత ఎత్తు నుంచి మా సందు కనిపిస్తుందని నాకు అనుమానమే లేదు. మా సందుకు వాళ్లు వినిపించే మార్గమే ఎవరూ కట్టలేదు.

సర్కారుకు సాంకేతికత చేతకాదనే మాట మాత్రం ఒప్పుకోను. పచ్చి అబద్ధం. ఎల్బీనగర్ చౌరస్తాలో మోకాలి లోతు నీళ్లలో బండి తోసుకుంటూ, తడిసిందని హెల్మెట్ తీసి చేతికి తగిలించుకోండి. మీ నంబరు ప్లేటు, మీ బోడి తల, తేదీ, వేళ, స్థలం అన్నీ ఒక్క ఫొటోలో పడతాయి. చలానా మీ పేరు మీదే, మీ ఫోనుకే వస్తుంది. పక్కింటివాడికి పోదు. 'అక్కడక్కడా ఒకటి రెండు చోట్ల జరిమానాలు పడే అవకాశం' అని గాలిలో రాదు. ఏ బండి, ఏ మనిషి, ఎంత, ఎప్పట్లోగా అంతా ఖరారుగా ఉంటుంది. జరిమానాకు ఇంత గురి ఉన్నవాళ్లు హెచ్చరిక దగ్గరికొచ్చేసరికి జిల్లా మొత్తానికి ఒక రంగు పూసి వదిలేస్తారు. రంగారెడ్డి జిల్లాకు ఆరెంజ్ అలర్ట్ అట. షాద్‌నగర్ మక్కచేనూ రంగారెడ్డి జిల్లాయే, సరూర్‌నగర్ కట్ట కిందున్న మా సందూ రంగారెడ్డి జిల్లాయే. ఇద్దరం ఒకే రంగు చూసి ఏం చెయ్యాలో చెప్పేవాడు లేడు.

ఇంకో ఉదాహరణ. 2020 ఆగస్టు 31న లేఅవుట్ల క్రమబద్ధీకరణకు జీవో వచ్చింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఆన్‌లైన్‌లో ఫీజు. రాష్ట్రం మొత్తం మీద పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఏ సర్వే నంబరులో ఎన్ని గజాలకు అనుమతి లేదో మూడు నెలలు తిరక్కముందే పాతిక లక్షల మంది చేత వాళ్ల నోటే చెప్పించి, తలా వెయ్యి రూపాయలు వసూలు చేసిన ఘనత మరే శాఖకుంది? మొదట పెట్టిన గడువు అక్టోబర్ 15. వరద అక్టోబర్ 13నే వచ్చింది. తన పాత స్థలాన్ని క్రమబద్ధం చేసుకోవడానికి చెరువు గడువుకు రెండు రోజుల ముందే హాజరైంది. ఫీజు కట్టలేదు కాబట్టి దాని దరఖాస్తు తిరస్కరించారు.

ఇక సాయం సంగతి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే విపత్తులో సమాచార సాంకేతికతను వాడటం అంటే ఏమిటో మా జనం కళ్లారా చూసింది ఈ ఘట్టంలోనే.

వరద తగ్గాక ఇంటికి పదివేలు ఇస్తామన్నారు. మంచి మాట. మొదట నగదు కట్టలు పట్టుకుని సిబ్బంది కాలనీలకొచ్చారు. మునిగిన ఇల్లేదో ఎవరి దగ్గరా జాబితా లేదు. అన్ని ఉపగ్రహాలున్న ఊళ్లో, అన్ని కెమెరాలున్న ఊళ్లో, మునిగిన ఇంటి గుర్తు ఏమిటంటే గల్లీ లీడరు వేలు. ఆయన వేలు చూపిన ఇల్లు మునిగినట్టు, చూపనిది తేలినట్టు. మూడో అంతస్తు ఇళ్లు మునిగాయి, సెల్లార్లు పొడిగా ఉండిపోయాయి. సాయం అందనివాళ్లు గోల పెట్టారు. అప్పుడు నవంబర్‌లో సాంకేతికత రంగప్రవేశం చేసింది. మీసేవలో దరఖాస్తు పెట్టుకోండి అన్నారు.

వరద ఇంటికే వచ్చింది. సాయం కోసం మాత్రం మనమే వెళ్లాలి. వెళ్లారు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి మీసేవల ముందు చాంతాడు వరసలు. కరోనా కాలమది, మూతికి మాస్కు, చేతిలో ఆధార్. ప్రతి ఇంట్లోనూ ఆధార్ కార్డులుండేది బీరువా కింది అరలో. నీళ్లు ముందు తడిపేది ఆ అరనే. ఆరబెట్టి, ఇస్త్రీ పెట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని నిలబడ్డారు. సర్వరు మీద అంత జనం ఒక్కసారి పడితే అది మాత్రం ఏం చేస్తుంది? అదీ మునిగింది. మరి దానికి పదివేలిచ్చారో లేదో.

నవంబర్ 17న నగరపాలక సంస్థ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. 18న రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీ ఆపమంది. వరసలో నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే వెనుదిరిగారు. డిసెంబర్ 1న ఓటు వేశారు. డిసెంబర్ 7న జనం మళ్లీ మీసేవల ముందు బారులు తీరారు. అప్పుడు తెలిసింది, ఇక మీసేవకు రానక్కర్లేదట, బృందాలే ఇళ్లకొచ్చి పరిశీలిస్తాయట. అంటే నవంబర్‌లో వెళ్లినవాళ్లది తప్పు, డిసెంబర్‌లో వెళ్లినవాళ్లదీ తప్పు. అసలు మునగడమే మొదటి తప్పు.

ఈ మొత్తం తతంగంలో కచ్చితంగా పనిచేసిన సెన్సరు ఒకటుంది. పోలింగు పెట్టె. ఎల్బీనగర్ నియోజకవర్గంలో అప్పటి అధికార పార్టీ ఒక్క డివిజను కూడా గెలవలేదు. నీటిమట్టం ఎంత వచ్చిందో అది నమోదు చేసినంత నిక్కచ్చిగా ఏ యంత్రమూ నమోదు చెయ్యలేదు. తర్వాత 2021లో నాలాల కోసం ఎస్‌ఎన్‌డీపీ అని ఒక పథకం, తొలి దశకు 985 కోట్లు వచ్చాయి. మా వైపు కొన్ని చోట్ల నీళ్లు తగ్గాయి కూడా, ఆ మాట దాచను. 2024 జూలైలో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చింది. మనుషులు కదులుతున్నారు, బుల్డోజర్లు ఇంకా వేగంగా కదులుతున్నాయి. కబురు మాత్రం బంజారాహిల్స్ దిగి రావడం లేదు.

అనుభవం మీద నాదొక మనవి. మనుషుల చేత దరఖాస్తులు పెట్టించే బదులు వరద చేతే పెట్టిద్దాం. ప్రవేశించబోయే ముందు ప్రతి వరదా మీసేవలో నమోదు చేసుకోవాలి. బయలుదేరు చెరువు పేరు, చేరబోయే సందు పేరు, లోతు అడుగుల్లో, బస చేయు కాలం గంటల్లో. రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. ఓటీపీ రిజిస్టరైన మొబైలుకే వస్తుంది కనుక ప్రతి చెరువుకూ ఒక ఫోను ఉండాలి. నవ్వకండి. నీటిమట్టం చెప్పే సెన్సరుకు ఒక సిమ్ కార్డు వేస్తే అదే చెరువు ఫోను. చెరువు నిండబోతుంటే దాని కింది సందులకు మాత్రమే, ఆ సందుల్లో ఆ క్షణాన ఉన్న ప్రతి ఫోనుకూ, నంబర్లు తెలియకుండానే కబురు పంపొచ్చు. 2023లో మా జేబుల్లో కేక పెట్టింది సరిగ్గా ఆ పరిజ్ఞానమే. మామూలు ఎస్సెమ్మెస్ లాగా ఒక్కొక్కరికీ విడివిడిగా పోదు, టవరు పరిధిలో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారే వెళ్తుంది, నెట్‌వర్కు ఊపిరాడకుండా ఉన్నా వెళ్తుంది. దేశం మొత్తానికి కేక పెట్టగలరు, మా సందుకు ఒక్కదానికీ పెట్టగలరు. అలాంటి ఆయుధం చేతిలో పెట్టుకుని, పట్టించుకోవద్దని చెప్పడానికి వాడారు.

వాడితే ఏమని రాయాలి? 'అప్రమత్తంగా ఉండండి' అని కాదు. మేం పుట్టినప్పటి నుంచీ అప్రమత్తంగానే ఉన్నాం, అందుకే హైదరాబాదులో రోడ్డు దాటగలుగుతున్నాం. 'సరూర్‌నగర్ చెరువు గంటలో మత్తడి దూకుతుంది. కోదండరాంనగర్ సెల్లార్లలో పడుకున్నవాళ్లు ఇప్పుడే పైకి ఎక్కండి. లిఫ్టు వాడకండి. బండ్లు మెట్రో స్తంభాల కింద పెట్టుకోండి.' ఇంతే. మొత్తం పద్దెనిమిది మాటలు. చలానా కన్నా చిన్నది.

హెచ్చరిక ఉండి కూడా సందు పేరు లేకపోతే ఏమవుతుందో దిల్‌సుఖ్‌నగర్‌కు ఒకరు నేర్పనక్కర్లేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడ రెండు బాంబులు పేలాయి. సైకిళ్లకు కట్టిన బాంబులు. పదిహేను మందికి పైగా చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. ఏదో జరగొచ్చని రెండు రోజుల ముందే రాష్ట్రాలకు సమాచారమిచ్చామని అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే చెప్పారు. ఎక్కడో, ఎప్పుడో మాత్రం అందులో లేదు. ఆ సంవత్సరమే జనభద్రత పేరుతో చట్టం తెచ్చి, వందమంది పోగయ్యే ప్రతి చోటా కెమెరాలు పెట్టాలన్నారు. పెట్టారు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎటు తిరిగినా ఒక కన్ను మన వంక చూస్తుంటుంది. జరిగాక చూసుకోవడానికి అది చాలా బాగుంటుంది. ఆ సాయంత్రం గురించి ఇంతకన్నా హాస్యమాడే మనసు నాకు లేదు.

జనం కూడా సమాచారం ఇవ్వాలి, అన్నీ ప్రభుత్వమే చెయ్యాలంటే ఎలా, అంటారు పెద్దలు. నిజమే. పోయిన వానాకాలానికి ముందు మా సందు చివర నాలాలో పరుపొకటి అడ్డం పడింది. ఎవరింటి శోభనపు పరుపో. ఫొటో తీసి, మ్యాపు మీద చుక్క పెట్టి, ఒక యాప్‌లో ఫిర్యాదు చేశాను. ఏ కార్యాలయం యాపో పేరు చెప్పను, వాళ్లకూ పిల్లలున్నారు. రెండో రోజే సందేశం. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. మీ సంతృప్తిని అయిదు నక్షత్రాల్లో తెలుపగలరు.' గబగబా వెళ్లి చూశాను. పరుపు అక్కడే ఉంది. దాని మీద కుక్క పడుకుని ఉంది. కుక్క సంతృప్తికి అయిదు నక్షత్రాలిచ్చి వచ్చాను.

టవర్లను నమ్ముకోవడం గురించి విశాఖ వాళ్లను అడగండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు తుఫాను రాక ముందే తెలుసు, జనాన్ని తరలించారు, ప్రాణాలు నిలిచాయి. గాలి పోయాక మాత్రం కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి, మనిషికి మనిషి కబురందలేదు. బంగ్లాదేశ్ వాళ్లు 1970 నాటి భోలా తుఫానులో లక్షల మందిని పోగొట్టుకున్నాక ఉపగ్రహాల కోసం కూర్చోలేదు. ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలను పెట్టి, చేతికి మైకు, జెండా ఇచ్చారు. ఇప్పుడు ఉపగ్రహం చెబుతుంది, మైకు మోస్తుంది. మన పాత టముకే.

మాకా మైకుకు కొదవా? పొద్దున ఆరున్నరకు చెత్త బండి పాట పాడుకుంటూ ప్రతి గుమ్మం ముందు ఆగుతుంది. ఏడున్నరకు 'పాత ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు' అని బ్యాటరీ మైకు. తొమ్మిదింటికి ఉల్లిగడ్డ ఆటో. ఎన్నికలప్పుడైతే అంబులెన్సు దూరని సందులో కూడా మూడు పార్టీల మైకులు ఒకదాని వెనక ఒకటి దూరతాయి. మా సందుకు రాని మైకు ఒక్కటే, వరద మైకు. చెత్త బండి డ్రైవరు ఫోనుకు రాత్రి ఒక కబురు పంపి, బండి తీసి అయిదు సందులు తిరగమంటే తెల్లారేసరికి పని అయిపోతుంది. కానీ అందులో కోట్లు లేవు కదా. కోట్లు లేని ఆలోచనకు పవర్‌పాయింట్ చెయ్యడం కష్టం.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల మందిని మింగినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు నూట యాభై మందిని కొమ్మల మీద మోసి కాపాడింది. చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఈ నగర చరిత్రలో విపత్తు వేళ అంతమంది ఎక్కినా కూలని ప్లాట్‌ఫారం అదొక్కటే. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, పైన రెండు జలాశయాలు కట్టారు. నూటపదిహేడేళ్ల తర్వాత, 2025 సెప్టెంబర్ చివర, ఆ జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ వచ్చి ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లోకి దూరింది. ప్రయాణికులు నీళ్ల మధ్య చిక్కుకున్నారు. గేట్లు ఎత్తింది సర్కారు, బస్టాండు సర్కారుది, నది కూడా సర్కారుదే. గేటు దగ్గర నుంచి బస్టాండు దాకా నీళ్లకు దారి తెలుసు, ఫోనుకే తెలియలేదేమో. తెల్లారాక విజయవాడ బస్సులన్నీ మా ఎల్బీనగర్ నుంచి నడిపారు. ఆ ఒక్కరోజూ మేం ఎత్తైన ప్రాంతం వాళ్లం. ఛాతీ విరుచుకు తిరిగాం.

మొన్న మా అపార్ట్‌మెంటుకు రంగులు వేయించారు. సెల్లారు గోడ మీద నేలకు అయిదడుగుల ఎత్తున ఒక బురద గీత ఉండేది, 2020 నాటిది. జపాన్‌లో మునిసిపాలిటీలే వీధి స్తంభాలకు పలకలు కొట్టి పాత వరద ఎంత ఎత్తు వచ్చిందో రాసి పెడతాయి. మా గీత ఉచితంగా వచ్చింది. కింద పోర్షన్‌కు టులెట్ బోర్డు పెట్టాలనుకున్న ఓనరు, అద్దెకొచ్చేవాళ్లు ముందు చూసేది దాన్నేనని, రెండు కోటింగులు ఎక్కువ వేయించాడు. గోడ తెల్లగా అయిపోయింది. సాయంత్రం స్కూటరు పెట్టడానికి దిగితే, వాచ్‌మన్ స్టూలు మీద నిలబడి ఉన్నాడు, చేతిలో మేకు.

"ఏందిది? ఓనరు చూస్తే ఊరుకుంటడా?"

"చూడనీయి సార్." తల తిప్పకుండానే అన్నాడు. "బల్బు ఆరినా చేతికి దొరకాలె."

గీత లోతుగానే గీస్తున్నాడు. కొత్త సున్నం అతని కనుబొమ్మల మీద రాలుతోంది.